హాజరుపట్టీలోని వేల్పులు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఏ పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకైనను పోయి, ఉదయప్రార్థన ముగిసి పిల్లలు తరగతిలో కుదురుగా కూర్చున్న పిమ్మట, మాస్టారు హాజరుపట్టీ తెఱచి ఒక్కొక్క పేరే పిలుచుచుండగా శ్రద్ధతో ఆలకించినచో, ఈ ప్రాంతపు మతచరిత్రలో పెక్కు భాగము మన చెవిని బడును. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలము అను పేర్లతో సింహగిరి అప్పన్న తలపునకు వచ్చును. సూర్యనారాయణ యనగా అరసవల్లియు, కూర్మారావనగా శ్రీకూర్మమును, పైడిరాజు, పైడితల్లి యనగా విజయనగరపు పెద్దచెఱువును కన్నులకు గట్టును. అసిరినాయుడును పోలమ్మయు ఊరి పొలిమేరలోని గ్రామదేవతల పేరు పెట్టుకొనినవారు. ఫకీరునాయుడను పేరు వినబడినచో, ఆ హిందూకుటుంబపు పెద్దలలో ఎవరో ఒకరు ఏ దర్గాలోనో మ్రొక్కుకొని యుందురని ఊహింపవచ్చును. ఏసుపాదము, దీవెనమ్మ, ఖాదరు, మస్తాను అను పేర్లును అదే వరుసలో వచ్చును. సీతంపేట, కురుపాము వైపు ఏజెన్సీ గ్రామములకు పోయినచో, పుట్టిన వారమును బట్టి సోమయ్య, మంగయ్య, సుక్కయ్య యని పేరు పొందిన సవర బాలురు పలుకుదురు.

ముప్పదిమంది పిల్లలున్న ఒక్క గదిలో ఇన్ని విశ్వాసములు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకే పంక్తిలో మధ్యాహ్నభోజనము చేసి, ఒకే బొమ్మల పుస్తకమును పంచుకొని చదువుచుండగా, ఆ విశ్వాసములను గుఱించి మాత్రము పాఠశాల నోరు మెదపదు. ఆఱేడేండ్ల బాలుడు తన ప్రక్కవాడు శుక్రవారము మధ్యాహ్నము తండ్రితో ఎక్కడికి పోవుచున్నాడో, ఎదుటి బల్లమీది పిల్ల ప్రసాదము నెందుకు అందుకొనలేదో ఎఱుగడు. తెలిసికొనవలెనను కుతూహలము మాత్రము వానికి నిండుగా నుండును. ఆ కుతూహలమునకు బడిలో సమాధానము దొరకనప్పుడు వాడు వీథి అరుగుమీదను, ఇంటిలోని టెలివిజనులోను, అన్నగారి చేతి సెల్‌ఫోనులోను దానిని వెదకికొనును. అచ్చట దొరకు సమాధానము ఎట్టిదో పెద్దలందఱకును తెలియును.

రాజ్యాంగము బడిలో మతప్రసక్తినే నిషేధించినదను భావము మన ఉపాధ్యాయలోకమున గాఢముగా నాటుకొనియున్నది. 28వ అధికరణమును నిదానముగా చదివినచో అట్టి నిషేధము కనబడదు. పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాసంస్థలో మతబోధ చేయరాదనుట అందలి మొదటి నియమము. ప్రభుత్వపు గుర్తింపునో ధనసహాయమునో పొందిన సంస్థలలో మతబోధగాని ఆరాధనగాని జరుగుచున్నచో, విద్యార్థి సమ్మతి లేనిదే, మైనరైన యెడల సంరక్షకుని సమ్మతి లేనిదే, వానిని అందులో పాల్గొనజేయరాదనుట మఱియొక నియమము. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యందు ఈ విషయము చర్చకు వచ్చినప్పుడు, మతబోధ వేఱనియు, మతములను గుఱించిన అధ్యయనము వేఱనియు అంబేద్కరు స్పష్టముగా విడదీసి చెప్పెను. 2002లో అరుణారాయ్ దాఖలు చేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ భేదమునే నిలిపి, వివిధమతముల సారమును విద్యార్థులకు తెలియజెప్పుట 28వ అధికరణమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. ఒక మతమును నమ్మించుటకు బడికి అధికారము లేదు. లోకములో జనులు ఏమేమి నమ్ముచున్నారో, ఆ నమ్మకములను బట్టి ఎట్లు జీవించుచున్నారో తెలుపుటకు అడ్డు లేదు. నా దృష్టిలో అది అధికారము మాత్రమే కాదు, బడి తీర్చవలసిన బాకీ.

ఈ మాట పెద్దలు పలుమాఱులు చెప్పినదే. ఒకప్పుడు వాల్తేరులో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఉపకులపతియై యుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948లో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షత వహించి, కళాశాల దినచర్య కొన్ని నిమిషముల మౌనధ్యానముతో ఆరంభము కావలెననియు, బుద్ధుడు, ఏసు, మహమ్మదు ప్రవక్త, శంకరుడు, కబీరు, నానకు మొదలగు మహనీయుల చరిత్రలను మొదటి సంవత్సరమున చదివింపవలెననియు సూచించెను. 1959లో నియమింపబడిన శ్రీప్రకాశ సంఘము మతనైతిక విద్యను గుఱించియే నివేదిక సమర్పించినది. 1964 నుండి 1966 వఱకు పనిచేసిన కొఠారీ కమిషను, మతబోధకును మతపరిజ్ఞానమునకును నడుమ గీత గీసి, ప్రధానమతములను గుఱించి చక్కగా ఎన్నిన విషయములను పాఠ్యప్రణాళికలో చేర్పవలెననెను. నివేదికలు అల్మైరాలలో భద్రముగా నున్నవి. ఎలిమెంటరీ స్కూలు మాస్టారి బల్లమీదికి వానిలో ఒక్క పుటయైనను చేరలేదు.

మౌనముచే శాంతి నిలుచునని తలచువారు రామతీర్థమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020 డిసెంబరు చివరిదినములలో నెల్లిమర్ల మండలములోని ఆ ఊరి కొండమీది కోదండరాముని విగ్రహమును ఎవరో ఖండించినప్పుడు, రాష్ట్రమంతటను ఎంత కలవరము పుట్టినదో, రాజకీయపక్షముల యాత్రలతో ఆ చిన్న గ్రామము ఎట్లు క్రిక్కిఱిసినదో తెలిసినదే. చుట్టుపట్ల ఊళ్ళలోని పిల్లలు ఆ మాటలన్నియు వినిరి. ఎవరిని అనుమానింపవలెనో పెద్దల ముఖములను చూచి నేర్చుకొనిరి. అదే కొండలలో శతాబ్దుల నాడు బౌద్ధభిక్షువులు విహారములు కట్టుకొనియుండిరనియు, వారి స్తూపశిథిలములు గురుభక్తులకొండమీద నేటికిని ఉన్నవనియు, ప్రక్కకొండల గుహలలో జైనతీర్థంకరుల ప్రతిమలున్నవనియు, తూర్పుచాళుక్య ప్రభువైన విమలాదిత్యుని శాసనమొకటి జైనాచార్యుని పేర్కొనుచున్నదనియు ఆ పిల్లలకు తెలిసియుండినచో, మూడు మతములవారు ఒకే కొండనీటిని త్రాగి జీవించిన తావు ఇదియని వారికి ఎవరైనను చూపియుండినచో, వారు వినిన మాటలను మఱియొక విధముగ తూచుకొనియుందురు. కన్నీరు పెట్టిన రామభక్తుని బాధ దానివలన తక్కువ కాదు. ఆ బాధను ద్వేషముగా మార్చు మాట మాత్రము పిల్లవాని మనస్సున అంత సులువుగా నాటుకొనదు.

ఇక బోధనావిధానమును గుఱించి. ప్రాథమికతరగతులలో మతముల పేర్లు, స్థాపకుల పేర్లు, గ్రంథముల పేర్లు పట్టికగా వ్రాయించి వల్లె వేయించుట కన్న వ్యర్థమైన పని వేఱొకటి లేదు. ఏడేండ్ల పిల్లకు హిందూమతము, ఇస్లాము అనునవి మాటలు మాత్రమే. సిరిమాను, పీర్ల పండుగ, క్రిస్మసు నక్షత్రము, కందికొత్తలు అనునవి కన్నులారా చూచినవి. కనుక చూచినదానితోనే మొదలు పెట్టవలెను.

విజయదశమి వెళ్ళిన మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ఆ మఱునాడు చుట్టుపట్ల ఏ బడిలోనైనను పిల్లలకు వేఱు మాట యుండదు. మాస్టారు "నిన్న సిరిమాను చూసినవాళ్ళు చేతులెత్తండర్రా" అనగానే సగము తరగతి చేతులెత్తును. "నాను సూసినానండి మాస్టారూ, మా తాత బుజాలమీద కూకోబెట్టుకున్నాడండి" యని యొకడు లేచును. చింతమాను ఎంత పొడుగున్నదో, దాని చివర కూర్చున్న పూజారి గాలిలో ఎట్లు వచ్చెనో, ముందు నడచిన తెల్లయేనుగు, పాలధార, అంజలిరథము, బెస్తవారి వల ఎట్లుండెనో ఒకరి మాటకొకరు అడ్డుపడుచు చెప్పుదురు. సిరిమానుకు తగిన చెట్టు ఎక్కడనున్నదో అమ్మవారు పూజారికి కలలో చెప్పునని ఒక పిల్ల చెప్పును. ముందటినాటి తొలేళ్ళలో అమ్మవారి గుడినుండి తెచ్చిన విత్తనములను మా నాన్న మా పొలములో చల్లునని రైతుబిడ్డ చెప్పును. అంతలో వెనుక బల్లనుండి "మేం ఎల్లమండి. మేం సర్చికెల్తాం" అని ఒక సన్నని గొంతు వినబడును.

ఉపాధ్యాయుని విద్యకు పరీక్ష ఆ క్షణముననే యున్నది. ఆ మాటను విననట్లు దాటవేయుట ఒక తప్పు. "అయ్యో, చూడవలసినదమ్మా" యని జాలిపడుట అంతకన్న పెద్ద తప్పు. "నీవు క్రైస్తవురాలవు గదా, లేచి మీ మతమును గుఱించి చెప్పు" మని నలుగురిలో నిలువబెట్టుట మూడవ తప్పు; ఎనిమిదేండ్ల పిల్లను ఒక మతమంతటికిని ప్రతినిధిగా చేయ నెవరికిని హక్కు లేదు. "మంచిదమ్మా, మీ ఇంట్లో పెద్ద పండగ ఏది?" అని సాదాగా అడిగి, ఆ పిల్ల చెప్పదలచినంతవఱకే విని, అంజలిరథమును గుఱించి అడిగిన కుతూహలముతోనే క్రిస్మసుకు ఇంటిమీద కట్టు కాగితపు నక్షత్రమును గుఱించియు అడిగినచో చాలును. మిగిలిన పిల్లలు వినుచునే యుందురు. ఒకరి పండుగ ఇంకొకరి ఎదుట తలదించుకొనవలసినది కాదని వారికి వేఱుగా ఉపదేశింప నక్కఱ లేదు.

వాక్యము కట్టుటలోనే ఈ విద్య మర్మమంతయు నున్నదని చెప్పవచ్చును. "అమ్మవారు కలలో కనబడి చెట్టు చూపును" అనుట భక్తుని వాక్యము. "ఇది మూఢనమ్మకము" అనుట విరోధి వాక్యము. "అమ్మవారు కలలో చెట్టు చూపునని పైడితల్లిని కొలుచువారు నమ్ముదురు" అనుట ఉపాధ్యాయుని వాక్యము. ఈ మూడవ వాక్యమే ఏసు పునరుత్థానమునకును, మహమ్మదు ప్రవక్తకు కలిగిన దివ్యవాణికిని, బుద్ధుని బోధికిని, కూర్మావతారమునకును ఒకే విధముగా వర్తింపవలెను. తనకు ప్రియమైన మతమును గుఱించి మొదటి వాక్యమును, ఇతరమతములను గుఱించి మూడవ వాక్యమును వాడు మాస్టారు తెలియకయే పక్షపాతము చేయుచున్నాడు. "మన దేవుడు", "వాళ్ళ దేవుడు" అను మాటలు ఇంటిలో సహజమే కాని, తరగతిగదిలో "మన" అనునది ఆ గదిలోని వారందఱకును చెందినప్పుడే వాడదగినది.

భిన్నములైన లోకదృష్టులు మతముల నడుమనే కాక, మతమునకును విజ్ఞానమునకును నడుమ కూడ నుండును. దానికి అరసవల్లికన్న చక్కని పాఠము దొరకదు. ఏటేట మార్చి రెండవ వారమునకు దగ్గఱగాను, అక్టోబరు మొదటి దినములలోను ఉదయసూర్యుని కిరణములు ఆలయద్వారములను దాటి గర్భగుడిలోని స్వామి పాదములను స్పృశించును. ఆ దృశ్యముకొఱకు తెల్లవారకమునుపే వేలజనము బారులు తీరుదురు. స్వామి తన ప్రతిమను తానే సేవించుకొనుచున్నాడని భక్తుడు పులకించును. సూర్యుడుదయించు చోటు సంవత్సరము పొడుగునను దిఙ్మండలముమీద ఉత్తరదక్షిణములకు జరుగుచుండుటవలన, ఒకే బిందువును పోవునప్పుడొకసారి, వచ్చునప్పుడొకసారి దాటవలసియున్నది. కనుకనే ఆ రెండు సమయములును డిసెంబరు ఆయనాంతమునకు ఇరువైపుల ఇంచుమించు సమానదూరమున, ఎనుబదేసి దినముల ఎడమున, పడుచున్నవి. ఈ మాటను పిల్లలు బడి ఆవరణలో ఒక కఱ్ఱ పాతి, ప్రతి నెలయు సూర్యోదయవేళ దాని నీడను గుర్తించి తామే కనుగొనవచ్చును. ఆలయమును కట్టిన శిల్పికి ఆ గణితము తెలియును; ఆతడు భక్తుడు కూడ. ఒకదానిని చెప్పుటకు ఇంకొకదానిని త్రోసివేయ నక్కఱలేదని పిల్లవానికి తెలియుటకు ఆ ఒక్క శిల్పియే చాలును.

ఇంతవఱకు చెప్పినవన్నియు ఏదో ఒక రూపమున పుస్తకముల కెక్కిన మతములు. ఏ బడి పుస్తకమున కెక్కనిది, ఎక్కినచో ఆటపాటల పుటలోనో వేషధారణ బొమ్మలోనో చిక్కుకొనినది సవరల లోకదృష్టి. నాకు అత్యంతము బాధ కలిగించు లోపము ఇదియే.

వంశధారకు ఇరువైపులనున్న కొండలలో ఈనాటి పార్వతీపురము మన్యము, శ్రీకాకుళము జిల్లాలనుండి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వఱకు వ్యాపించిన సవరలు అత్యంత ప్రాచీన జాతి. శ్రీముఖలింగ స్థలపురాణమే వారి ఇంటినుండి మొదలగును: శబరనాయకుని వాకిట ఇప్పచెట్టు, దాని పువ్వులకై ఆతని ఇద్దఱు భార్యల కలహము, చెట్టును నఱకగా అందుండి శివుడు ప్రత్యక్షమగుట. నేటికిని ఆ స్వామి మధుకేశ్వరుడే. పల్లపు జనుల మహాక్షేత్రమునకు మూలము కొండజాతి పెరటిలోని చెట్టని ఆ పురాణమే ఒప్పుకొనుచుండగా, ఆ చెట్టు యజమానుల విశ్వాసమును గుఱించి మన పిల్లలకు ఒక్క వాక్యమైనను తెలియదు.

పూర్వాచారమును పాటించు సవరల దృష్టిలో చనిపోయినవారు వెంటనే దూరమై పోరు. సోనుములై కొండలలో, చెలమలలో, ఇంటి పరిసరములలో ఉందురు. వారి కోరికలు, కోపములు, బెంగలు జీవించియున్న బంధువుల ఆరోగ్యముమీద, పంటమీద ప్రసరించును. వారితో మాటాడగల స్త్రీ పూనకములో పాతాళమునకు దిగినప్పుడు, ఆమె నోట మృతుడే వచ్చి తన వారితో సంభాషించును. తల్లి చనిపోయిన బిడ్డతోను, కొడుకు చనిపోయిన తండ్రితోను వాదించును, ఏడ్చును, సమాధానపడును. ఇంటి గోడమీద ఎఱ్ఱమన్నుపై బియ్యపుపిండితో వ్రాయు మనుష్యులు, నెమళ్ళు, గుఱ్ఱములు, చెట్లు వట్టి అలంకారములు కావు; ఆ ఆత్మలకు కట్టియిచ్చిన నివాసములు. వెరియర్ ఎల్విన్ 1955లో ఈ మతమును గుఱించియే ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. పియర్స్ విటెబ్‌స్కీ యను కేంబ్రిడ్జి మానవశాస్త్రజ్ఞుడు ఈ మృతసంభాషణములనే ఒక జీవితకాలము అధ్యయనము చేసెను. కేంబ్రిడ్జి విద్యార్థి చదువు విషయము సీతంపేట విద్యార్థికి తెలియకుండుట న్యాయము కాదు.

ఈనాడు ఆ కొండలలోనే మూడు మార్గములు కలసి నడచుచున్నవి. బాప్టిస్టు క్రైస్తవమును స్వీకరించిన సవరకుటుంబము లనేకములు కలవు. 1936లో మంగెయి గొమాంగొ రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిని దైవముగా కొలుచు అక్షరబ్రహ్మ మార్గమువారు కలరు. ఆ లిపిలో ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క దేవత పేరు దాల్చినది. పూర్వాచారము వారును ఉన్నారు. కంది కోసిన పిమ్మట కొత్తల పండుగ చేయనిదే కొత్తపంట నోట పెట్టనివాడొకడు, అదే పంటను ఆదివారము చర్చిలో కానుకగా ఉంచువాడొకడు, ఒకే ఆశ్రమపాఠశాలలో ఒకే చాపమీద పరుండుచున్నారు. ఇట్టి పిల్లలకు లోకదృష్టి యొకటి కాదని చెప్పవలసిన పని లేదు. తమ తాతముత్తాతల దృష్టి సిగ్గుపడదగినది కాదని మాత్రము ఎవరో ఒకరు చెప్పవలెను.

ఆ పని మొట్టమొదట చేసినవాడు ఉపాధ్యాయుడే. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండిన గిడుగు రామమూర్తి, సవర భాషను సవరల నోటనే నేర్చుకొని, సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టించి, వారి భాషలోనే వాచకములు వ్రాసి, 1931లో సవరభాషా వ్యాకరణమును వెలువరించెను. వ్యావహారికభాషోద్యమ నాయకుడుగా ఆయనను ఎఱుగనివారు లేరు. పిల్లవాని ఇంటి లోకమును బడిలోనికి గౌరవముతో ఆహ్వానించిన గురువుగా మనము ఇంకను ఎఱుగవలసియున్నది. 2004 ప్రాంతమున సవర, కువి, కొండ మొదలైన ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక వాచకములు తెలుగులిపిలో తెచ్చినప్పుడు ప్రభుత్వము ఆ త్రోవనే నడచినది. భాషకు బడిలో చోటు దొరకినది కనుక, ఆ భాషలో పలుకు నమ్మకములకును దొరకవలెను.

క్రైస్తవ, ఇస్లాములను గుఱించి చెప్పవలసినదానికిని ఇక్కడ కొఱత లేదు. తెలుగు క్రైస్తవులు నేటికిని పాడు కీర్తనలలో పెక్కింటిని రచించిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బెంగాలీ బ్రాహ్మణకుటుంబమున జన్మించి, క్రైస్తవమును స్వీకరించి, శ్రీకాకుళములో సేవ చేసినవాడు. ఆయన కీర్తనల రాగతాళములు మన కీర్తనసంప్రదాయమునకు చెందినవే. గోల్కొండ ప్రభువుల కాలమునుండి చికాకోలు సర్కారుకు ముఖ్యపట్టణమైన శ్రీకాకుళమున నాగావళీతీరపు పాత మసీదు నిలిచియున్నది. విజయనగరమున ఖాదర్‌వలీ బాబా దర్గాకు అన్ని మతములవారును పోవుచున్నారు. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, అదే విజయనగరమున కూర్చుండి, పారసీకము నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయతులను సంస్కృతములోనికిని అచ్చతెలుగులోనికిని తెచ్చెను. దేవుడే లేడనువారిని కూడ మఱువరాదు. నాస్తికకేంద్ర స్థాపకుడు గోరా 1902లో మన ఎగువనే గంజాము జిల్లా ఛత్రపురములో పుట్టినవాడు. ఏ మతమును లేని ఇంటినుండి వచ్చిన పిల్లవాడు లోపము గలవాడు కాడనియు, వాని ఇంటనున్నది కూడ ఒక లోకదృష్టియే యనియు తరగతిలో గుర్తింపు ఉండవలెను.

ఉదయప్రార్థన విషయమున ఉపాధ్యాయులు మఱింత జాగరూకత వహింపవలసియున్నది. పాఠముగా ఒక మతమును తెలిసికొనుట వేఱు. చేతులు జోడించి ఆ మతప్రార్థన చేయుట వేఱు. తమ మతవిశ్వాసమును బట్టి జాతీయగీతమును పాడక వినయముతో నిలిచియుండిన కేరళ పిల్లలు మువ్వురిని బడినుండి తీసివేసినప్పుడు, 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొనుమని ఆజ్ఞాపించినది. జాతీయగీతము విషయముననే అంతరాత్మకు అంత గౌరవమున్నప్పుడు, సరస్వతీపూజనాటి ప్రసాదము తీసికొనని పిల్లనో, క్రిస్మసు పాటలో గొంతు కలపని పిల్లవానినో మందలించు హక్కు ఎవరికున్నది? ప్రసాదమును పంచువారు బల్లమీద పెట్టి, కావలసినవారు తీసికొనుడనినచో ఎవరికిని నొప్పి కలుగదు.

తల్లిదండ్రుల భయము కూడ నిజమైనదే. "మా పిల్లకి ఆళ్ళ దేవుడి గురించి ఎందుకండి సెప్తున్నారు?" అని ఒక తండ్రి బడి గుమ్మమున నిలిచినప్పుడు ఆయనను మతోన్మాదియని కొట్టివేయరాదు. పాఠమునందు ఏమి చెప్పబోవుచున్నారో ముందుగా పాఠశాల యాజమాన్య కమిటీలో చదివి వినిపించి, "ఇది నమ్మమని మేము చెప్పము, నమ్మువారు ఉన్నారని మాత్రము చెప్పుదుము" అని మాట యిచ్చి, ఆ మాటను నిలుపుకొనవలెను. ఇంగ్లండులో 1944నాటి చట్టముచే మతవిద్య బడులలో నిర్బంధమైనప్పుడు తమ పిల్లలను ఆ తరగతినుండి తప్పించు హక్కును తల్లిదండ్రులకు అందే ఉంచిరి. 1975లో బర్మింగ్‌హాము నగరము హిందూ, ముస్లిము, సిక్కు మతములతోపాటు కమ్యూనిజమును కూడ పాఠ్యప్రణాళికలో చేర్చినప్పుడు పెద్ద దుమారము లేచినది. 2018లో ఆ దేశపు మతవిద్యా సంఘము ఆ పాఠమునకు మతములు, లోకదృష్టులు అను పేరు పెట్టవలెనని సిఫార్సు చేసినది. వలసవచ్చిన పిల్లలతో తరగతులు నిండిన పిమ్మట వారు కష్టపడి చేరిన చోటికి, పుట్టుకతోనే వైవిధ్యము గల మన తరగతులు మొదటినుండియు చేరియుండవలసినది.

మన పిల్లలు దినదినమును చెప్పు ప్రతిజ్ఞను పైడిమఱ్ఱి వెంకటసుబ్బారావు 1962లో విశాఖపట్టణమున కోశాధికారిగా నున్నప్పుడు తెలుగులో వ్రాసెను. తెన్నేటి విశ్వనాథము దానిని నాటి విద్యామంత్రి, విజయనగర రాజవంశీయుడు పి.వి.జి. రాజుకు అందజేసెను. అది తరువాత దేశభాషలన్నింటిలోనికి పోయినది. దేశపు వైవిధ్యసంపదను చూచి గర్వింతునని పిల్లవాడు అందు ప్రతిదినమును ప్రమాణము చేయుచున్నాడు. ఆ సంపద ఏమిటో వానికి చూపుట ప్రమాణము చేయించిన వారి బాధ్యత.

దీనికి కొత్త పాఠ్యపుస్తకము వ్రాయవలెనని నేను కోరను. పరీక్ష పెట్టి మార్కులు వేయుట అసలే కూడదు. పరిసరముల పాఠములోనే, పండుగలు వచ్చిన వారములలోనే, దీనికి కావలసినంత చోటున్నది. కావలసినది ఉపాధ్యాయునికి శిక్షణ. శ్రీకాకుళము జిల్లా ఉపాధ్యాయశిక్షణ సంస్థ, అనగా డైటు, వమరవల్లిలో ఉన్నది. అది గార మండలము. విష్ణువు కూర్మరూపమున వెలసిన శ్రీకూర్మము ఆ మండలములోనిదే. 1919లో గిడుగు రామమూర్తియే కనుగొనిన బౌద్ధక్షేత్రము శాలిహుండము, తారా, మారీచి విగ్రహములతో, వంశధార ఒడ్డున, ఆ మండలములోనిదే. విజయనగరము జిల్లా డైటు నెల్లిమర్లలో ఉన్నది; రామతీర్థము ఆ మండలములోనిదే. బడిపంతులు కాబోవు యువతీయువకులు రెండేండ్లపాటు ఈ క్షేత్రముల చెంతనే చదువుకొనుచు, వానిమీద ఒక పాఠమైనను తయారుచేయకయే పట్టా పుచ్చుకొని పోవుచున్నారు. రానున్న విద్యాసంవత్సరమున ప్రతి ఛాత్రోపాధ్యాయుడును శాలిహుండమునో, శ్రీకూర్మమునో, ఒక మసీదునో, ఒక చర్చినో, ఒక సవరగ్రామమునో స్వయముగా చూచి, అచ్చటివారితో మాటాడి, మూడవ తరగతి పిల్లలకు చెప్పదగిన ఒక పాఠప్రణాళికను వ్రాసి తీరవలెనని ఆ రెండు సంస్థలును నియమము పెట్టవచ్చును. తన మతమునకు చెందని స్థలమునే ఎన్నుకొనవలెనని ఒక్క షరతు చేర్చినచో మఱింత మేలు.